ఆకు తెస్తేనే మందిచ్చే మనిషి

మొన్న ఆయన దినం భోజనాలకి వెళ్లాను. షామియానా కింద ఎవరి నోట విన్నా ఒకటే మాట, ఆయన చెప్పింది ఏనాడూ తప్పు పోలేదని. నా విస్తట్లో పప్పు వడ్డిస్తున్నతను కూడా అదే అందుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. "ఎందుకు పోలేదూ? ఒకసారి ఊరంతటికీ తప్పు చెప్పాడు. మీ చేను కూడా ఉంది అందులో" అన్నాను. అతను గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కర్మ జరిగే చోట ఏంటా మాటలని పక్కావిడ నా మోచెయ్యి గిల్లింది.

గిల్లితే గిల్లింది. చచ్చిపోయిన మనిషిని తప్పే తెలియని దేవుణ్ణి చేసి ఫొటోకి దండ వేసి కూర్చోబెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన తప్పు చెప్పాడు. చెప్పాక ఏం చేశాడన్నది నేను కళ్లారా చూశాను. ఆ మనిషంటే నాకు ఇప్పటికీ గౌరవం ఉన్నది అందుకే.

మా ఊరు చిలకలూరిపేట నుంచి చీరాల వెళ్లే దారికి కాస్త లోపలగా ఉంటుంది. నల్లరేగడి నేల. పత్తి, మిరప, అక్కడక్కడా పొగాకు. ఆయనకి బస్టాపు పక్కన పురుగుమందుల షాపు. ఊళ్లో సగం మందికి వరసకి బాబాయి, మిగతా సగానికి వరస కలవకపోయినా బాబాయే. గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. షాపులో కూర్చుని "సోడా!" అని కేక వేస్తే రోడ్డవతల సోడా బండివాడు ఒక్కడే కాదు, అక్కడ ఆగిన బస్సులో వాళ్లు కూడా ఉలిక్కిపడేవాళ్లు.

షాపు మెట్టెక్కిన వాడెవడైనా సరే, రా అనడు, కూర్చో అనడు. చెయ్యి చాపి "ఆకు తెచ్చావా?" అంటాడు. తెగులు పట్టిన మొక్క నుంచి ఆకు కోసి చొక్కా జేబులో పెట్టుకుని మందుల షాపుకి వెళ్లడం మా వైపు రైతులకి మామూలే. కానీ మిగతా షాపుల్లో ఆకు లేకపోయినా అడిగిన డబ్బా ఇస్తారు. ఈయన ఇవ్వడు. ఎంత తెలిసినవాడైనా, ఎంత దూరం నుంచి వచ్చినా, వెనక్కి పోయి ఆకు తేవాల్సిందే.

ఆకు చేతికి అందగానే ఆయన చేసే తతంగం చూడాలి. కళ్లజోడు నుదుటి మీదికి తోసేవాడు. ఆకుని వెలుతురుకి ఎత్తి చూసేవాడు. తిరగేసి బొటనవేలితో ఈనెలు నిమిరేవాడు. తరవాత దాన్ని చెంపకి ఆనించుకుని ఓ క్షణం కళ్లు మూసుకునేవాడు. చెంపకి ఏం తెలుస్తుందో ఆయనకే తెలియాలి. నాకైతే అందులో సగం నాటకమేనని అనుమానం. కళ్లు తెరిచి "నల్లి" అనో "తామరపురుగు" అనో తేల్చేసి, మందు డబ్బా బల్ల మీద పెట్టి, "కొట్టుకో. పూచీ నాది" అనేవాడు. అప్పుడు సోడా కేక. ఎదురు మాట్లాడిన రైతుకి మాత్రం సోడా ఉండదు. "సోడా వద్దులే రా, ఈయనకి అన్నీ తెలుసంట" అని బండివాడికి వినపడేలా అరిచేవాడు. ఊళ్లో అంతకన్నా పెద్ద అవమానం లేదు.

పొలానికి మాత్రం వచ్చేవాడు కాదు. ఎవరైనా చేను దాకా రమ్మంటే, "ఆకే నా దగ్గరికి రావాల. నేను బయల్దేరానంటే ఇక చేను సంగతి అయిపోయినట్టే" అని నవ్వేవాడు. తెల్ల పంచె నలగకూడదని మేమనుకునేవాళ్లం.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. మా ఆయన లారీ మీద మద్రాసు, బొంబాయి తిరిగేవాడు. ఎకరం మిరప, రెండెకరాల పత్తి, అంతా కౌలుకి తీసుకుని నేనే చేయించేదాన్ని. మొదటిసారి ఆకు పట్టుకుని ఆ షాపు మెట్టెక్కినప్పుడు బల్ల మీద కూర్చున్న మగాళ్లలో ఒకాయన, "ఏమ్మా, మీ ఇంట్లో మగోళ్లు లేరా?" అన్నాడు. బాబాయి ఆకు మీద నుంచి కళ్లెత్తకుండానే, "ఒరేయ్, నేను చూసేది ఆకుని. అది ఎవురి చేతిలో వచ్చిందో నాకెందుకు? లేచి ఆమెకి చోటియ్యి" అన్నాడు. ఆ పూట నాకూ సోడా వచ్చింది.

ఈ ఆకు పట్టింపు ఎందుకని ఒకసారి అడిగేశాను. అవి పత్తి మీద ఏ మందు కొట్టినా పచ్చపురుగు చావని రోజులు. పంట పోయిన రైతులు ఆ మందే తాగేస్తున్న రోజులు.  ఆయన షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, "చేను కోసం వచ్చినోడు ఆకు తెస్తాడమ్మాయ్. ఉట్టి చేతులతో వచ్చి డబ్బా అడిగేవాణ్ణి ఇంటికి పంపితే, ఆకు కోసమని చేలోకి పోతాడు. చేలో నలుగురూ ఉంటారు. మాట్లాడతారు" అన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడగలడని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక ఆ ఏడాది సంగతి. మా ఊరి వాగు నిండా గుర్రపుడెక్క. నీళ్లు కనపడకుండా ఒడ్డు నుంచి ఒడ్డుకి పచ్చగా కప్పేసి, పైన ఊదా పూలు. దూరం నుంచి చూసేవాళ్లకి అందమే గాని, ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడుకునే మాకు అది పీడ. పైపు మూతికి చుట్టుకుని ఇంజను ఆగిపోయేది. మనుషులు దిగి ఎంత పీకినా నెల తిరిగేసరికి మళ్లీ అంతే. అలాంటిది ఆ వానాకాలం మొదట్లో దాని కాడలు మెలికలు తిరిగి, ఆకులు గోధుమరంగుకి తిరిగి, మొత్తం కుళ్లి మునిగిపోయింది. మా అందరికీ ఊహ తెలిసినప్పటి నుంచి మొట్టమొదటిసారి వాగులో ఆకాశం కనపడింది.

ఎగువన రోడ్డు పక్కన మందులు కలిపి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. చెరువుల్లో, డ్రైన్లలో గుర్రపుడెక్కని చంపే మందు కొత్తగా అక్కడే తయారవుతోందని అందరికీ తెలుసు. వాళ్లే దయతలిచి మన వాగులో కొట్టించారని ఊరు ఊరంతా నమ్మేసింది. నమ్మి ఊరుకోలేదు. ఫ్యాక్టరీ మేనేజరుని పిలిచి వాగు చప్టా మీద సన్మానం చేసింది. బాజాలు, దండలు, లడ్డూలు. శాలువా కప్పింది ఎవరనుకున్నారు? మా బాబాయే. మైకు ఉన్నా దాన్ని పక్కకి నెట్టి, "అడక్కుండా మన వాగు బాగుచేసిన మారాజు!" అని ఉపన్యాసం ఇచ్చాడు. నేనూ చప్పట్లు కొట్టాను. మేనేజరు సిగ్గుపడుతూ నమస్కారం పెట్టాడు గాని, మేం కొట్టించలేదండీ అని మాత్రం అనలేదు. శాలువా భుజం మీద పడ్డాక కాదనేవాళ్లు తక్కువ.

తరవాత వానలు మొహం చాటేశాయి. అందరం ఇంజన్లు పెట్టి శుభ్రమైన వాగు నీళ్లు పత్తికి పెట్టాం, మిరప నారుమళ్లకి బిందెలతో చల్లాం. పైపు మూతికి ఏమీ చుట్టుకోవడం లేదని ఎంత మురిసిపోయామో.

ఆ మురిపెం పదిరోజులు కూడా నిలవలేదు. మిరప నారు ఆకులు సన్నబడి కిందికి ముడుచుకుపోయాయి. కాడలు వంకర్లు తిరిగాయి. నేను ఆకు తీసుకుని పరిగెత్తాను. అప్పటికే షాపు ముందు ఆకులు పట్టుకుని బారు తీరి ఉన్నారు. బాబాయి నా ఆకు చెంపకి ఆనించి, "కింది ముడత. నల్లి. ఊరంతా ఇదే. కొట్టుకో, పూచీ నాది" అన్నాడు. ఆకు కిందికి ముడిస్తే అది రసం పీల్చే నల్లి పనేనని మా పిల్లలు కూడా చెబుతారు. ఎవరికీ అనుమానం రాలేదు. అందరం కొట్టాం. తగ్గలేదు. ఇంకోటి ఇచ్చాడు. అదీ కొట్టాం. ఊరు మొత్తం మందు వాసన, నారు మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోతోంది. ఆ నారు పోతే ఆ ఏడాది మిరప లేనట్టే. మిరప లేకపోతే నా కౌలు, మా ఇల్లు, అన్నీ అంతే.

ఒకనాడు పత్తిలోకి వెళ్లి చూసి హడలిపోయాను. వాగు నీళ్లు పెట్టిన ఎకరంలో వెడల్పుగా ఉండాల్సిన పత్తి ఆకులు బెండ ఆకుల్లా చీలికలై వేళ్లలా సాగి ఉన్నాయి. గట్టు అవతల, పైపు చాలక నీళ్లు పెట్టని ఎకరం వాడినట్టుంది గాని ఆకు ఆకులాగే ఉంది. రెండు ఆకులూ కోసుకుని షాపుకి వెళ్లి, మాట్లాడకుండా బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోయలేదు. మొదటిసారి కళ్లకే పెట్టుకుని చూశాడు. ఒక్క ఆకునీ చెంపకి ఆనించలేదు. లేచి, స్కూటరు తాళం తీసుకుని, "చేను చూపించు" అన్నాడు. బల్ల మీద వాళ్లందరూ నోళ్లు తెరిచారు.

పంచె మోకాళ్లదాకా ఎగగట్టి నా చేలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. నల్లరేగడి చెప్పులకి పట్టేస్తే విడిచేసి వట్టి కాళ్లతో నడిచాడు. వాగు ఒడ్డున చాలాసేపు నిలబడ్డాడు. గుర్రపుడెక్క పోయింది గాని జమ్ము ఏపుగా ఉంది. గట్టు మీద గరిక పచ్చగా ఉంది. అదే నీళ్లు తాగిన పక్కచేను జొన్న దర్జాగా ఉంది.

"అమ్మాయ్, ఇది వెడల్పాకు మొక్కల్ని చంపే మందు. గడ్డి జాతి జోలికి పోదు. వరి చేలో కలుపుకి ఇట్టాంటిది నేనే అమ్ముతాను, ఇన్నేళ్ల నుంచి. ఫ్యాక్టరీ వోళ్లు డ్రమ్ములు కడిగి వాగులోకి వదులుతున్నారు" అన్నాడు. గొంతు మళ్లీ మెల్లగా ఉంది. "నేను శాలువా కప్పింది దీనికి."

నాకు కోపం వచ్చింది. రాదా మరి? రెండుసార్లు మందు కొట్టించాడు నా చేత. "మరి నల్లి అన్నారుగా బాబాయి గారూ?" అన్నాను గట్టిగానే. "అన్నాను" అన్నాడు. అంతే. ఎండ వల్లనో, మబ్బు వల్లనో, నువ్వు తెచ్చిన ఆకు సరైంది కాదనో అంటాడేమోనని చూశాను. అనలేదు.

మర్నాటి నుంచి షాపు బల్ల మీద మందు డబ్బాలు లేవు. రెండు మట్టి మూకుళ్లు వచ్చాయి. రెంటిలోనూ మినుములూ జొన్నలూ కలిపి చల్లాడు. మొలిచాక ఒకదానికి బోరు నీళ్లు, రెండోదానికి వాగు నీళ్లు. వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. వాగు నీళ్ల మూకుడులో జొన్న నిటారుగా ఉంది, మినుము మొలకలు మెడలు తిప్పుకుని పడిపోయాయి. ఆ మూకుళ్లు పక్కన పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడి, బస్సు కూడా ఆగేటట్టు అరిచాడు. "నేను నల్లి అన్నాను. తప్పు. పూచీ నాదన్నాను, ఇప్పుడూ నాదే. వాగు నీళ్లు చుక్క కూడా మొక్కకి పెట్టబాకండి. బోరున్నోళ్లు లేనోళ్లకి రెండు బిందెలియ్యండి. మళ్లీ నారు పోసుకోండి, ఇంకా అదను దాటలేదు."

కొందరు తిట్టారు. మొహం మీదే తిట్టారు. అక్కడే నిలబడి మాటలు పడ్డాడు. ఒక పెద్దాయన తిట్టి తిట్టి అలిసిపోతే ఆయనకి సోడా తెప్పించాడు.

తరవాత మాలో ఓ పదిమందిమి ఆయనతో ఫ్యాక్టరీకి వెళ్లాం. ఆఫీసు ముందు మేనేజరు ప్రాణంగా పెంచుకుంటున్న గులాబీలు వరసగా పూసి ఉన్నాయి. శాలువా కప్పిన మనిషి వచ్చాడని మేనేజరు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. బాబాయి కూర్చోలేదు. గోడ వెనక్కి వెళ్లి, వాగులోకి పడుతున్న గొట్టం కింద బకెట్ పెట్టి నింపుకొచ్చాడు.

"ఈ నీళ్లలో ఏముందండీ?" అన్నాడు.

"ఏమీ లేదండీ. ఫ్లోరు కడిగిన నీళ్లు. శుభ్రమైనవే."

"అట్టయితే సరే. మీ గులాబీలు వాడినట్టున్నాయి, పోస్తాను" అని బకెట్ ఎత్తి పూలమొక్కల వైపు నడిచాడు.

మేనేజరు పరిగెత్తుకొచ్చి మొక్కలకి అడ్డంగా రెండు చేతులూ చాపాడు. "వద్దండీ, వద్దు! అది కింద పెట్టేయండి!" అన్నాడు. అన్నాక, తను ఏమన్నాడో అర్థమై చేతులు దించేశాడు. మేమంతా విన్నాం. బాబాయి బకెట్ మెల్లగా, చుక్క ఒలకకుండా కింద పెట్టాడు. "నా జనానికి కూడా చెట్లంటే ఇష్టమేనండీ" అని వెనక్కి తిరిగాడు.

అయినా ఫ్యాక్టరీ ఒప్పుకోలేదు. మేం అర్జీ పెట్టుకున్నాం. కాలుష్యం సంగతి చూసే ఆఫీసు నుంచి ఒకాయన, వ్యవసాయాధికారి ఒకాయన వచ్చి బడి వరండాలో విచారణ పెట్టారు. ఆ తరవాత ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ కథ చెబుతూ ఆ వరండా దాటి ఇంకో అడుగు వేయడం నాకిష్టం లేదు. గొట్టం మూయించారు. వాగు మామూలు కావడానికి పెద్ద వానలు రెండు పట్టాయి. మేం బోరు నీళ్లతో రెండోసారి నారు పోసి ఆలస్యంగానే నాటాం. కాపు తక్కువే అయినా కల్లంలో ఎర్రగా మిరపకాయలు ఎండబెట్టుకున్నాం. ఆయన లైసెన్సు ఆ ఏడాది పంట అయిపోయేదాకా ఆపేశారు. ఊళ్లో మాట పోలేదు గదా, పోయింది లైసెన్సే గదా అని ఆయన తిరిగేవాడు.

ఇక ఆ విచారణ. ఫ్యాక్టరీ తరఫున హైదరాబాదు నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. "ఇది నల్లి వల్ల వచ్చిన ముడత సార్. సకాలంలో మందు కొట్టుకోలేదు వీళ్లు. కొట్టుంటే తగ్గిపోయేది. మా నీళ్లకీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు. అధికారులిద్దరూ మా వైపు చూశారు.

బాబాయి లేచాడు. "కొట్టారండీ. అందరూ కొట్టారు. నల్లి అని చెప్పి మందిచ్చింది నేనే" అన్నాడు.

వ్యవసాయాధికారి ఉలిక్కిపడి, "ఏవండీ, మీరేం అంటున్నారో తెలుస్తోందా? తప్పు మందు అమ్మానని మీ నోటితో మీరే చెబుతున్నారు. లైసెన్సు సంగతి ఆలోచించుకోండి" అన్నాడు. పాపం, మంచికే చెప్పాడాయన.

"ఒక్కరి మాట ఎలా నమ్ముతాం సార్?" అన్నాడు టై ఆయన. "ఈయనకి మా మీద కోపం. కొట్టినవాళ్లు ఎవరో చెప్పమనండి."

బాబాయి మా వైపు తిరిగాడు. "నా మాట విని నల్లి మందు కొట్టినోళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. వరండా కింద ఊరంతా కూర్చుని ఉంది, ఒక్కరూ కదల్లేదు. రోడ్డు మీద ఆయన్ని తిట్టినవాళ్లు కూడా తల వంచుకుని నేల మీద గీతలు గీస్తున్నారు. చెయ్యెత్తితే ఆయన షాపు మూతపడుతుందని ప్రతి ఒక్కరికీ తెలుసు. నేను రెండు చేతులూ కొంగులో దాచేసుకున్నాను. అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో నాకు తెలియదు. ఆ మనిషికి నా చేత్తో అన్యాయం జరగకూడదని మాత్రమే ఉంది మనసులో.

టై ఆయన చిన్నగా నవ్వాడు. "చూశారా సార్. ఎవరూ కొట్టలేదు."

బాబాయికి కోపం ముంచుకొచ్చింది. "ఒరేయ్, ఎత్తండ్రా! నా మీద జాలి పడతన్నారా? మీరు కొట్టలేదంటే అది నల్లే అవుద్ది. నల్లయితే ఆ గొట్టం అట్టాగే ఉంటది. వచ్చే ఏడు కూడా ఇదే నారు, ఇదే ముడత. నా షాపు కావాల్నా మీకు, వాగు కావాల్నా?" మెడ నరాలు ఉబ్బాయి. ఎవరూ తలెత్తలేదు. ఆయన కళ్లు జనంలో వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగాయి.

"అమ్మాయ్" అన్నాడు. ఈసారి మెల్లగా. "నువ్వెత్తమ్మా."

కొంగులోంచి చెయ్యి తీశాను. అది ఎంత బరువుగా ఉందో చెప్పలేను. ఎత్తాను. ఏడుస్తూనే ఎత్తాను. నా పక్కావిడ ఎత్తింది. వెనక ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడైంది, తిరిగి చూస్తే ఆ చివరిదాకా చేతులే.

ఆయన వాటన్నిటినీ ఓసారి చూసుకుని, అధికారుల వైపు తిరిగాడు. "ఇంతమందికి తప్పు చెప్పాను. ఇంతమందీ మందు కొట్టారు. ఒక్కళ్ల నారూ తేరుకోలా. ఇక అది నల్లి కాదు గదండీ? ఇప్పుడు రాసుకోండి. ముందు నా తప్పు రాయండి, తరవాత ఫ్యాక్టరీ వోళ్లది."